తొమ్మిదో సూచన

ఆ కంపెనీలో అతన్ని చిన్నా పెద్దా అందరూ కామా గారనే పిలిచేవారు. ఎవరు ఏ కాగితం రాసి తెచ్చినా, అందులో విషయమేమిటో చూడకముందే కామా ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. మొదట్లో వెనకాల నవ్వుకుంటూ అన్న పేరే, పోనుపోను మొహం మీద కూడా స్థిరపడిపోయింది. అతనికీ అది బిరుదులాగే వినిపించేది.

ఆ కంపెనీ ప్రయోగశాలలకు కావలసిన పవర్ సప్లైలు తయారు చేసేది. నాబ్ తిప్పి ఎంత వోల్టేజి కావాలంటే అంత తీసుకునే పెట్టెలు. ఒక్కో పెట్టెతో ఒక చిన్న పుస్తకం వెళ్ళేది. పెట్టె ఎక్కడ పెట్టాలి, ఏ వైరు ఎక్కడ బిగించాలి, ఏది ముట్టుకోకూడదు, అన్నీ అందులో ఉంటాయి. పదిహేడేళ్ళుగా ఆ పుస్తకాలు రాయడమే కామా ఉద్యోగం. అతని భార్య కొత్తవాళ్ళెవరు కనిపించినా “మావారు పుస్తకాలు రాస్తారు” అని చెప్పేది. ఒకసారి అత్తగారు ఆ పుస్తకమేదో చూపించమని పట్టుబట్టి, కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలు చదివి, “బాగుంది అల్లుడూ, కథ ఎప్పుడు మొదలవుతుంది?” అని అడిగింది. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. అతనూ నవ్వాడు గానీ, లోపల ఎక్కడో చురుక్కుమంది.

“ఎవరూ చదవరండీ,” అనేవాడు ఆఫీసులో. “పెట్టె విప్పగానే ముందు పుస్తకం తీసి అవతల పారేస్తారు. చెయ్యి కాలాక దానికోసం వెతుకుతారు.”

అందుకే ఆ సోమవారం మేనేజరు పిలిచి విషయం చెప్పినప్పుడు, కామాకు భయం వెయ్యలేదు. నేను చెబుతూనే ఉన్నాను కదా అన్నట్టు ఒక రకమైన తృప్తి కలిగింది. తర్వాత్తర్వాత ఆ తృప్తి గుర్తొచ్చినప్పుడల్లా అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

“మన కొత్త ఆరు వందల వోల్టుల పవర్ సప్లై ఒక కాలేజీకి పంపాం కదా,” అన్నాడు మేనేజరు. “అక్కడ లాబ్ చూసుకునే ఆవిడకి షాక్ కొట్టింది. స్టూలు మీంచి పడి మోచెయ్యి విరిగిందట. ప్రాణానికేం ఫర్లేదు. పుస్తకం రాసింది మీరే కాబట్టి, సర్వీసు అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆవిడ ఏ సూచన పాటించలేదో చూసి ఒక రిపోర్టు రాసి తీసుకురండి.”

పాటించిందా లేదా అని ఆయన అడగలేదు. ఏది పాటించలేదు అనే అడిగాడు. వాక్యాల్లో తేడాలు పట్టుకోవడమే బతుకుతెరువుగా ఉన్న మనిషికి ఆ తేడా చెవికెక్కలేదు.

సర్వీసు అతను తాటిచెట్టంత ఉంటాడు కాబట్టి అందరికీ పొడుగే. వ్యాన్ నడుపుతూ దారిపొడుగునా వేళాకోళమాడుతూనే ఉన్నాడు. “అన్నా, నీ పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివినవాళ్ళు ఒక్కరుంటే చూపించు. వాళ్ళకి సాష్టాంగపడతా.”

లాబ్ రెండో అంతస్తులో ఉంది. పొడవాటి గది. నల్లరబ్బరు పరిచిన బల్లలు, కిటికీ పక్కన కొత్త పవర్ సప్లై. ప్రమాదం జరిగినప్పటినుంచి ఎవరూ ఏదీ కదపలేదు. దాని పుస్తకానికి ప్లాస్టిక్ అట్ట వేసి, పోకుండా బల్లకి దారంతో కట్టి ఉంచారు. కామా దాన్ని తెరిచాడు. ప్రతి సూచన పక్కనా పెన్సిలుతో సన్నని టిక్కులు. ఒకటీ రెండూ కాదు, యంత్రం వాడిన ప్రతిసారీ ఒకటి చొప్పున, ఒక్కో సూచన పక్కన ముప్పై నలభై దాకా వరసలు కట్టి ఉన్నాయి.

పొడుగు వంగి చూసి, “నిజంగానే సాష్టాంగపడాల్సొచ్చేలా ఉందన్నా,” అన్నాడు. మీటరు వ్యాన్‌లో మరిచిపోయానంటూ కిందికి వెళ్ళాడు.

ఆ రోజు అక్కడే ఉన్న ఒక పరిశోధక విద్యార్థిని వచ్చి జరిగింది చెప్పింది.

“మా మేడమ్‌ని మేం ఒకటీరెండూ మేడమ్ అంటాం సార్. ప్రతిదీ పైకి చదువుతారు, మాతో చదివిస్తారు. నాబ్‌లు సున్నా దగ్గరున్నాయా, ఎర్త్ బిగించామా, ఎర్రది ప్లస్‌కి, నల్లది మైనస్‌కి... అన్నీ అయితేగానీ స్విచ్ మీద చెయ్యి వెయ్యనివ్వరు. ఆపేటప్పుడూ అంతే, పుస్తకంలో ఎలా ఉంటే అలాగే. ఇన్నాళ్ళూ యాభై అరవై వోల్టులతోనే చేశాం. ఆరు వందల దాకా వెళ్ళడం ఆ రోజే మొదటిసారి. స్విచ్ ఆపేశారు. నంబర్లు ఆరిపోయాయి. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టారు, పదిదాకా. అందరం విన్నాం. మణికట్టు ఆ ఇనపపెట్టెకి ఆనించి ఎర్రవైరు క్లిప్పు పట్టుకున్నారు...” ఆ పిల్ల పక్కకి పడున్న స్టూలు చూపించింది. “మేడమ్ ఏం తప్పు చేశారు సార్?”

“చూస్తాను,” అన్నాడు కామా.

పద్నాలుగో పేజీ తీశాడు. తొమ్మిదో సూచన: ‘స్విచ్ ఆపిన తర్వాత, పది సెకన్లు ఆగి వైర్లు తీయవలెను.’

అతని వేలు ‘పది’ దగ్గర ఆగిపోయింది.

పాత మోడల్‌కి పది సెకన్లు చాలు. కొత్తదానిలో కరెంటును నిలవ ఉంచే కెపాసిటర్లు పెద్దవి. స్విచ్ ఆపినా వాటిలోది వెంటనే పోదు, మూడు నిమిషాలు పడుతుంది. డిజైను చేసినాయన ఆ మాట చీటీ మీద రాసి చేతికిచ్చాడు. కామా చివరి పేజీలోని పట్టికలో ఆ అంకె మార్చాడు కూడా. మిగతా పుస్తకమంతా పాతదాన్నే ముందు పెట్టుకుని దిద్దాడు. ఈ తొమ్మిదో సూచన దగ్గర ఒక మధ్యాహ్నమంతా కూర్చున్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. ‘తర్వాత’ దగ్గర కామా ఉండాలా వద్దా అని పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. దాని పక్కనే ఉన్న ‘పది’ని అసలు చూడనేలేదు.

పొడుగు మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినిపించింది. కామా పుస్తకం మూసి చేత్తో పట్టుకున్నాడు.

పొడుగు రబ్బరు తొడుగులు వేసుకుని, పవర్ సప్లైని ఆరు వందలకు తెచ్చి, స్విచ్ ఆపాడు. ముందున్న నంబర్లు ఠక్కున ఆరిపోయాయి. పాత మోడల్‌లో ముల్లుండేది. లోపల ఎంత మిగిలిందో అది మెల్లగా దిగుతూ చెప్పేది. కొత్తది చూడ్డానికి చచ్చినట్టే పడుంది గానీ, పొడుగు తగిలించిన మీటరు మాత్రం అసలు సంగతి చెప్పింది. పది సెకన్లకి నాలుగు వందల ఎనభై. నిమిషానికి నూట యాభై ఎనిమిది. మూడు నిమిషాలయ్యాక పదకొండు.

“నాలుగు వందల ఎనభై!” పొడుగు మొహంలో నవ్వు పోయింది. “చెయ్యి విరగడంతో సరిపోయింది, అదృష్టం. పుస్తకంలో ఎంత ఆగమన్నావన్నా?”

“మూడు నిమిషాలు,” అన్నాడు కామా. “చివరి పేజీ పట్టికలో ఉంది.”

అది అబద్ధం కాదు. అబద్ధమే అయ్యుంటే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేది కాదేమో. విద్యార్థిని ఏదో అనబోయి, పెద్దవాళ్ళ మాటల మధ్య ఎందుకులే అనుకున్నట్టు ఊరుకుంది. కామా ఆ పిల్లవైపు చూడలేదు.

రిపోర్టు రెండు వాక్యాల్లో తేల్చేశాడు. ‘స్విచ్ ఆపిన తర్వాత మూడు నిమిషాలు ఆగవలెనని పుస్తకం చివరి పేజీలోని పట్టికలో స్పష్టంగా ఉన్నది. లాబ్ ఉద్యోగిని పది సెకన్లకే వైరును తాకినారు.’ రెంటిలో ఏ ఒక్కదాన్నీ ఎవరూ తప్పు పట్టలేరు. మేనేజరు చదివి, “ఇదీ రాయడమంటే,” అని భుజం తట్టాడు. ఆ తట్టిన చోట కామాకు సాయంత్రందాకా ఎవరో వాత పెట్టినట్టే ఉంది.

ఇంటికొచ్చాక భార్య ఏమైందని అడిగితే కసురుకున్నాడు. ఎన్నడూ లేనిది అతను కసిరేసరికి ఆవిడ బిత్తరపోయి, మళ్ళీ అడగలేదు. ఆఫీసులో కాగితాలు వస్తూనే ఉన్నాయి. ఎర్రకలం తీసి కామాలు దిద్దబోతే చెయ్యి ఆడేది కాదు. కొత్త పుస్తకాల కట్ట ఒకటి అతని బల్ల పక్కనే ఉండేది. దాన్ని కాలితో బల్ల కిందికి నెట్టాడు.

పది రోజుల తర్వాత పొడుగు అతని బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆ రోజు వేళాకోళం లేదు.

“ఆ పెట్టెని వెనక్కి తేవడానికి మళ్ళీ కాలేజీకి వెళ్ళానన్నా. మన రిపోర్టు చూసి ఆవిడని లాబ్ నుంచి తీసేసి స్టోరులో వేశారు. చెయ్యి బాగయ్యాక అక్కడ కూర్చుని రిజిస్టర్లు రాసుకోవాలట. పుస్తకం చదవడం రాని మనిషికి లాబ్ ఎలా అప్పజెప్తాం అన్నారట. ఇరవై రెండేళ్ళ సర్వీసు.” గొంతు తగ్గించాడు. “తొమ్మిదో సూచన చూశానన్నా.”

కామా తలెత్తలేదు.

“నేనెవరికీ చెప్పలేదు. చెప్పను కూడా. అది నేను చెప్పాల్సింది కాదు.” అలా అని వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది కామాకు.

ఆదివారం పొద్దున్నే ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. తలుపు తీసింది ఆవిడ అత్తగారు. ఇరుకు హాల్లో కిటికీ దగ్గర ఆవిడ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. కుడిచెయ్యి భుజందాకా పిండికట్టులో ఉంది. ఒళ్ళో గీతల నోటుబుక్కు పెట్టుకుని ఎడమచేత్తో అక్షరాలు దిద్దుతోంది. ఒకటో తరగతి పిల్లల రాతలా వంకరటింకరగా ఉన్నాయి.

కంపెనీ నుంచి వచ్చానన్నాడు. ఏదో సంతకానికి వచ్చాడనుకుని ఆవిడే మొదలుపెట్టింది.

“తప్పు నాదేనండీ. చివరి పేజీ చూడకుండా నేనెప్పుడూ ఏ యంత్రమూ ముట్టుకోలేదు. ఈసారి ఎందుకు చూడలేదో! ముందు సూచనలన్నీ అంత వివరంగా ఉంటే ఇంకా వెనక్కెందుకులే అనుకున్నానేమో. దానికితోడు నా లెక్క కాస్త వేగంగా ఉంటుందని పిల్లలంటారు. వాళ్ళ ముందు అలా పడిపోవడం... తలుచుకుంటే సిగ్గేస్తోంది. బయటికి కూడా వెళ్ళట్లేదు.”

తను పడాల్సిన సిగ్గు ఆవిడ మొహంలో కనిపించింది కామాకు. ఇక కూర్చోలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

“మేడమ్, ఆ పుస్తకం రాసింది నేనే.”

ఆవిడ మొహం విప్పారింది. “మీరా! ఎంత బాగా రాశారండీ. మా పిల్లలకి అదే చెప్తుంటాను, ఒక్క మాట అటూ ఇటూ లేకుండా రాసిన పుస్తకమని. అత్తయ్యా, కాస్త టీ పెట్టండి, వీరు...”

“వద్దండీ. దయచేసి వద్దు.” కామా అడ్డుపడ్డాడు. “మీ లెక్క వేగం కాదు. మీరు నెమ్మదిగా లెక్కపెట్టినా అంతే. తొమ్మిదో సూచనలో మూడు నిమిషాలని ఉండాలి. నేను చూసుకోలేదు. పాత పుస్తకంలోది అలాగే వదిలేశాను. లాబ్‌కి వచ్చిన రోజే నాకు తెలిసింది. తెలిసి కూడా రిపోర్టులో పట్టిక సంగతే రాశాను.”

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారే ముందు నోరు విప్పింది.

“అది రాసేటప్పుడు మీ చెయ్యి వణకలేదా నాయనా? రెండు వారాలుగా నా కోడలికి నేను తల దువ్వుతున్నాను. పుస్తకం చదవడం రాదన్నారట దీన్ని. దీన్ని!”

కోడలు మాత్రం కళ్ళు తుడుచుకోలేదు, అరవలేదు. నోటుబుక్కు మూసి, మళ్ళీ తెరిచి, కొత్త పేజీ తీసి అతనికి అందించింది.

“ఇక్కడ చెప్తే ఇక్కడే ఉండిపోతుంది. రాసివ్వండి. మీరు రాసేవారే కదా.”

అతను రాశాడు. ‘పుస్తకంలోని తొమ్మిదో సూచనలో పొరపాటు దొర్లినది.’ ఆవిడ చూసింది.

“దొర్లడమేంటండీ? దానంతటదే దొర్లిందా?”

కొట్టేశాడు. ‘తొమ్మిదో సూచన నేను తప్పుగా రాశాను’ అని రాశాడు.

“రిపోర్టు?”

కలం అక్కడ ఆగింది. పదిహేడేళ్ళలో లక్ష వాక్యాలు రాసి ఉంటాడు. వాటిలో ‘నేను’ అనే మాట ఒక్కచోట కూడా లేదు. ఇప్పుడు ఆ ఒక్క కాగితం మీద రెండోసారి రాయాల్సి వచ్చింది. ‘ఆ తప్పు నాదని తెలిసి కూడా నేను దాచాను.’ చివర సంతకం పెట్టాడు. ఆవిడ కాగితాన్ని రెండుసార్లు చదివి, “మా కాలేజీకి మీరే ఇవ్వండి. నేను తీసుకెళ్తే నేనే రాయించుకున్నానంటారు,” అంది.

మర్నాడు కాలేజీలో ఇచ్చాడు. ఒక నకలు మేనేజరు బల్ల మీద పెట్టాడు. ఆయన చదివి, “మిమ్మల్నెవరు అడిగారండీ?” అన్నాడు. నిజం కాదని మాత్రం అనలేదు. పుస్తకాల పని ఇంకొకరికి ఇచ్చి, కామాను ప్యాకింగు విభాగానికి పంపాలని ఆ పూటే తేలిపోయింది. వెళ్ళేముందు ఒక్కటి అడిగాడు కామా. ఆ మోడల్ చేరిన పదకొండు లాబ్‌లకీ తనే ఫోన్ చేసి, తొమ్మిదో సూచన కొట్టేయిస్తానని.

పొడుగు ఎదురుగా కూర్చుని జాబితాలో పేర్లు చదువుతుంటే, అతను ఒక్కొక్కరికే చెప్పుకుంటూ వెళ్ళాడు. “తప్పు నాదండీ” అనడం మూడో ఫోనుకి కాస్త అలవాటైంది. ఏడో ఫోను ఎత్తింది ఒక పెద్దాయన.

“తొమ్మిదోదా? అది మేం ఎప్పుడో కొట్టేసుకున్నాం బాబూ. మీటరు పెట్టి చూస్తే తెలిసిపోయింది. ఆర్నెల్ల కిందటే మీకు ఉత్తరం కూడా రాశాను. జవాబు ఇక్కడే ఉంది, ఉండు... ‘పుస్తకమును మరియొకసారి శ్రద్ధగా చదువగలరు.’ సంతకం మీ కంపెనీ పుస్తకాల విభాగం అని ఉంది.”

పుస్తకాల విభాగంలో ఉన్నది అతనొక్కడే.

ఆ ఉత్తరం గుర్తొచ్చింది. అందులో ‘కెపాసిటర్’ తప్పుగా రాసి ఉంటే, ఎర్రకలంతో చుట్టి పక్క బల్లవాళ్ళకి చూపించి నవ్వాడు. విషయం చదవలేదు. ఈ సంగతి తెలిసింది ఇద్దరికే, తనకీ ఫోనులో ఉన్న పెద్దాయనకీ. ఆ పెద్దాయనకి ఆ చెయ్యి విరిగిన సంగతి తెలియదు.

“ఏమంటున్నారన్నా?” అన్నాడు పొడుగు.

ఏమీ లేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, ఉన్నదున్నట్టు చెప్పాడు. పొడుగు జాబితా కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, “ఎనిమిదోది చెప్పనా?” అని మాత్రం అడిగాడు.

ఆ సాయంత్రమే ఇంకో కాగితం రాసి ఆవిడ ఇంటికి తీసుకెళ్ళాడు. ఈసారి ఆవిడే తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి చదివింది.

“అంటే ఆరు నెలల ముందే ఆగిపోవాల్సింది,” అంది.

“అవునండీ.”

“ఇది మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు.” కాగితం మడిచింది. “మీరు చెప్పడం మంచిదే. కానీ నేను మిమ్మల్ని లోపలికి పిలవలేను. ఏమీ అనుకోకండి.”

అనుకోవడానికి అతనికేం హక్కుంది? మెట్లు దిగి వచ్చేశాడు.

ఆవిణ్ణి మళ్ళీ లాబ్‌కి తీసుకున్నారు. అందుకు నెలన్నర పట్టింది. కట్టు విప్పాక చెయ్యి పూర్తిగా చాపలేకపోతోందని పొడుగు చెప్పాడు. కామా ప్యాకింగులో పెట్టెలకి అట్టలు సర్దుతున్నాడు. ఇంట్లో భార్యకి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ విని ఏడ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఇరుగుపొరుగు అడిగితే “ఆఫీసులో పనిచేస్తారు” అని చెప్పడం అతని చెవిన పడింది.

మార్చిన పవర్ సప్లైని ఆ కాలేజీకి చేర్చే రోజు, బరువు మోయడానికి ఒక మనిషి కావాలన్నాడు పొడుగు. వస్తానన్నాడు కామా. ఇద్దరూ కలిసి రెండో అంతస్తుకి మోసుకెళ్ళి కిటికీ పక్క బల్ల మీద దించారు. ఆవిడ అక్కడే ఉంది, చుట్టూ ఏడెనిమిది మంది విద్యార్థులు. ఆవిడ కామాను గుర్తుపట్టింది. పొడుగు వైర్లు తీయబోతే ఆపింది.

“వారిని బిగించమనండి. పిల్లలు చూస్తారు.”

కామా ముందుకొచ్చాడు. ఎర్త్ వైరు చేతిలోకి తీసుకున్నాడు. అది తగిలించే ఆకుపచ్చ టెర్మినల్ మరను విప్పడానికి తిప్పితే, అది విప్పుకోకపోగా ఇంకా బిగుసుకుంది. బలంగా తిప్పాడు. వేళ్ళు జారాయి. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

“అటు కాదు, ఇటు,” అంది ఆవిడ. “ఇంతకుముందు ఎప్పుడూ బిగించలేదా?”

పదిహేడేళ్ళుగా ఎలా బిగించాలో ఊరందరికీ చెప్పిన మనిషి ఆ పిల్లలందరి ముందూ నిలబడి, “లేదండీ,” అన్నాడు. “ఎప్పుడూ లేదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆవిడ పూర్తిగా చాపలేని కుడిచేత్తో మరను వదులు చేసి చూపించి, పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది.

“ముందు ఎర్త్,” అంది. “తొందర లేదు. బిగించండి.”